రిట్లు, కమర్షియల్ దావాలు చేసే జూనియర్‌కు ఈ-కోర్ట్స్: ఎక్కడ నమ్మాలి, ఎక్కడ ఆగాలి

హైకోర్టులో రిట్లు, కమర్షియల్ కోర్టులో దావాలు కలిపి చేసే ఆఫీసులో జూనియర్ పని సగం చట్టం, సగం ఆచూకీ. ఎస్సార్ నంబర్ (దాఖలు చేయగానే ఇచ్చే తాత్కాలిక నంబర్) పడిన రిట్‌కు రెగ్యులర్ నంబర్ వచ్చిందా, అభ్యంతరాలతో రిటర్నయిందా? నిన్న బెంచి చెప్పిన స్టే ఆర్డరు అప్‌లోడయిందా? కింది కోర్టులో దావా ఎప్పటికి వాయిదా పడింది? ఒకప్పుడు ఇవన్నీ తెలియాలంటే గుమాస్తా సెక్షన్ల చుట్టూ తిరగాల్సిందే. ఇప్పుడు చాలావరకు ఫోన్లో తెలుస్తున్నాయి, పైసా ఖర్చు లేకుండా. కోర్టులను కంప్యూటరీకరించడానికి 2007లో మొదలైన ఈ-కోర్ట్స్ ప్రాజెక్టు 2015లో రెండో దశలోకి వెళ్లింది. మూడో దశకు 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 7,210 కోట్ల రూపాయలు ఆమోదించింది. అంత ప్రజాధనంతో నడుస్తున్న సేవను జూనియర్లు పూర్తిగా వాడుకోవాలి, దాని హద్దులు కూడా తెలుసుకోవాలి.

ఇక్కడ చూస్తున్నవి నాలుగు: ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్, ఈ-ఫైలింగ్ 3.0, తీర్పుల శోధన పోర్టల్, చట్టాలు చూపే ఇండియా కోడ్. నాలుగూ ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో ఉండి తీరాలి. యాప్‌కు అయిదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. ఆ తగ్గించిన ఒక్క మార్కుకు కారణం ఉంది. యాప్ చూపించేది కోర్టు తేదీ. క్లయింటు హక్కు నిలిచేదీ పోయేదీ లిమిటేషన్ తేదీ (చట్టం విధించిన గడువు) మీద. ఆ రెండో తేదీ యాప్‌లో ఎక్కడా కనబడదు.

యాప్: సీఎన్‌ఆర్ ఒక్కటి పట్టుకుంటే చాలు

ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెల సీఎన్‌ఆర్ నంబర్ (కేసు గుర్తింపు సంఖ్య) ఉంటుంది. మొదటి రెండక్షరాలు రాష్ట్రానికి, తర్వాతి రెండు జిల్లాకో కోర్టుకో, ఆపై రెండంకెలు ఆ కోర్టు సముదాయానికి, ఆరంకెలు వరుస సంఖ్యకు, చివరి నాలుగు సంవత్సరానికి. ఫైలు అట్టమీద దావా నంబర్ పక్కనే దీన్నీ రాసుకోవాలి. ఓఎస్ (సివిల్ దావా) 45/2022 అనే నంబర్ రాష్ట్రంలో ఎన్ని కోర్టుల్లో ఉంటుందో లెక్కలేదు. సీఎన్‌ఆర్ మాత్రం ఇంకో కేసుకు ఉండదు. క్యాప్చాలు, కోర్టు పేర్ల డ్రాప్‌డౌన్లు దాటుకుని వెళ్లే బాధ కూడా తప్పుతుంది.

సీఎన్‌ఆర్ తెలియనప్పుడు పార్టీ పేరుతో వెతకాలి. మన పేర్లతో తిప్పలు మొదలయ్యేది ఇక్కడే. ఇంగ్లిషులో లక్ష్మిని రెండు మూడు రకాలుగా, రెడ్డిని రెండు రకాలుగా, వెంకటను చివర అచ్చుతోనూ అచ్చు లేకుండానూ ఎక్కిస్తారు. ఇంటిపేరు ఒక కేసులో ముందు పూర్తిగా ఉంటే, మరో కేసులో పొడి అక్షరంగా ఉంటుంది. ప్రభుత్వం పార్టీ అయితే ‘స్టేట్ ఆఫ్ తెలంగాణ’ అనీ, దాని ముందు ‘ది’ చేర్చీ ఎక్కించినవి వేర్వేరుగా ఉంటాయి. పేరు మొత్తం కొట్టకుండా అన్ని స్పెల్లింగుల్లోనూ మారని ముక్క ఏదో చూసి, కనీసం మూడక్షరాలు ఇచ్చి, ఏడాది మారుస్తూ వెతకాలి. ప్రత్యర్థి కంపెనీ మీద ఇంకేం కేసులున్నాయో తెలుసుకోవాలనుకున్నప్పుడు ఒక్క స్పెల్లింగుతో ‘రికార్డులు లేవు’ అని వస్తే, లేవని నిర్ధారించుకోకూడదు.

న్యాయవాది పేరుతో వెతికితే, వకాలత్ (న్యాయవాదికి క్లయింటు ఇచ్చే అధికార పత్రం) మీద ఎవరి పేరు ఎక్కించారో వారి కేసులే వస్తాయి. సీనియర్ పేరుతో ఎక్కిన వకాలత్ కింద జూనియర్ సంతకం ఉన్నా, జూనియర్ పేరుతో ఆ కేసు రాకపోవచ్చు. దాఖలు చేసేటప్పుడే జూనియర్ బార్ కౌన్సిల్ నంబర్, మొబైల్ నంబర్ కూడా ఎక్కించమని అడగాలి. మెసేజీలు వచ్చేది అక్కడ నమోదైన నంబర్‌కే.

‘మై కేసెస్’ జాబితా యాప్‌లో అన్నిటికంటే ఉపయోగపడే భాగం. రోజూ చూడాల్సిన కేసులను దాంట్లో చేర్చుకుంటే ఏ రోజు ఏవి ఉన్నాయో తెలుస్తుంది. రెండు జాగ్రత్తలు మాత్రం మరవొద్దు. జాబితా ఫోన్లోనే ఉంటుంది, సర్వర్లో కాదు. ఫోన్ పోతే జాబితా కూడా పోతుంది కాబట్టి ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును వారానికోసారి వేరే చోట దాచాలి. రెండోది, జాబితాలో కనబడే తేదీ చివరిసారి రిఫ్రెష్ చేసినప్పటిది. వారం క్రితపు తేదీ చూసుకుని కోర్టుకు వెళ్తే, కేసు మూడు రోజుల క్రితమే పిలిచి ఉండొచ్చు. హైకోర్టు, జిల్లా కోర్టుల విభాగాలు వేర్వేరు కాబట్టి రెండింట్లోనూ విడివిడిగా రిఫ్రెష్ చేయాలి. హైకోర్టు మర్నాటి కాజ్‌లిస్టు (ఆ రోజు విచారించే కేసుల జాబితా) కోసం మాత్రం హైకోర్టు సొంత వెబ్‌సైటుకే వెళ్లాలి. రాత్రి వచ్చే సప్లిమెంటరీ లిస్టు చూడకుండా పడుకోకూడదు. కొత్తగా వేసిన రిట్ ఎక్కువగా కనబడేది అందులోనే.

యాప్‌లోని సమాచారం కోర్టు సిబ్బంది ఎక్కించినది. పని ఒత్తిడి ఉన్న రోజు సాయంత్రానికి ఎక్కకపోవచ్చు, ఎక్కినా ‘తదుపరి వాయిదా’ గడి ఖాళీగా ఉండొచ్చు. అనుమానం వస్తే ఏ-డైరీ (కోర్టు రోజువారీ కేసుల రిజిస్టరు) చూడాలి, లేదా బెంచి క్లర్కును మర్యాదగా అడగాలి.

రిట్లలో ఇంకో చిక్కు ఉంది. కేసు స్థితి ‘పెండింగ్’ అని ఉన్నంత మాత్రాన స్టే కొనసాగుతోందని కాదు. ఆర్డరు తెరిచి, నాలుగు వారాలకే ఇచ్చారా, తదుపరి ఉత్తర్వుల దాకా ఇచ్చారా చదవాలి. ఆరు నెలలు దాటితే స్టే దానంతటదే పోతుందని 2018 తీర్పు ఆధారంగా వాదించేవారు ఇంకా ఉన్నారు. అలహాబాద్ హైకోర్టు బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 ఫిబ్రవరి 29న ఆ సూత్రాన్ని పక్కన పెట్టింది. మరోవైపు రాజ్యాంగం 226(3) అధికరణం ఉంది. కాపీలు ఇవ్వకుండా, వాదన వినకుండా పొందిన మధ్యంతర ఉత్తర్వును తొలగించమని అవతలి పక్షం దరఖాస్తు పెట్టి కాపీ అందజేస్తే, రెండు వారాల్లో హైకోర్టు దాన్ని తేల్చాలి, తేల్చకపోతే ఉత్తర్వు రద్దవుతుందని అది చెబుతోంది. ఆ రెండు వారాల లెక్క యాప్ వేయదు. వెకేట్ స్టే పిటిషన్ (స్టే తొలగించమనే ఆ దరఖాస్తు) చేతికందిన రోజే ఆ తేదీని డైరీలో ఎర్ర సిరాతో రాసుకోవాలి.

గడువులు: ఇక్కడ కాగితం, పెన్నూ కావాలి

కమర్షియల్ దావాలో ప్రతివాది తరఫున ఉన్నారనుకుందాం. సమన్లు జనవరి 10న అందాయి. రిటెన్ స్టేట్‌మెంట్‌కు (ప్రతివాది లిఖిత జవాబుకు) 30 రోజులు. కోర్టు కారణాలు రాసి, ఖర్చులు విధించి గడువు ఇవ్వగలిగినా సమన్లు అందిన నాటి నుంచి 120 రోజులు దాటకూడదు. లీపు సంవత్సరం కాకపోతే ఆ 120వ రోజు మే 10. వేసవి సెలవుల వల్ల యాప్‌లో తదుపరి వాయిదా జూన్‌లో కనబడొచ్చు. జూన్ వాయిదాకు వేద్దామని ఊరుకుంటే హక్కు పోయినట్టే. 2019లో ఎస్‌సీజీ కాంట్రాక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ 120 రోజుల హద్దు దాటడానికి వీల్లేదని తేల్చింది. సాధారణ ఓఎస్ దావాల్లో ఈ విషయంలో కోర్టులు చూపే సడలింపు కమర్షియల్ దావాలో దొరకదు. సెలవులు కలిసొస్తాయన్న ఆశ పెట్టుకోకుండా ఏప్రిల్ నాటికే దాఖలు చేసెయ్యాలి.

అప్పీలు లెక్క దీనికి భిన్నం. కమర్షియల్ కోర్ట్స్ చట్టం సెక్షన్ 13 కింద అప్పీలుకు 60 రోజులు. తీర్పు జూన్ 2న వచ్చింది, యాప్‌లో అదే రాత్రి పీడీఎఫ్ దొరికింది. చదువుకోవడానికి, క్లయింటుకు పంపడానికి, అప్పీలు గ్రౌండ్స్ రాసుకోవడానికి అది బంగారం. కానీ లిమిటేషన్ లెక్కలో దానికి విలువ లేదు, సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ధ్రువీకరించి ఇచ్చే ప్రతికి) దరఖాస్తు పెట్టాల్సిందే. జూన్ 12న దరఖాస్తు పెట్టారు, స్టాంపులు అడిగిన రోజే కట్టారు, జూన్ 25న కాపీ తయారైంది. రెండు తేదీలూ కలిపి 14 రోజులు మినహాయింపు. జూన్ 2 నుంచి 60 రోజులు ఆగస్టు 1తో పూర్తవుతాయి, 14 కలిపితే ఆగస్టు 15. అది సెలవు కాబట్టి మరుసటి పనిదినం దాకా సమయముంటుంది.

తప్పు జరిగేది ఎక్కడంటే, కాపీ వెనక ముద్రలో అయిదు తేదీలుంటాయి: దరఖాస్తు చేసినది, చార్జీలు అడిగినది, కట్టినది, కాపీ తయారైనది, అందజేసినది. కాపీ తయారయ్యాక గుమాస్తా జూలై 10న తెచ్చుకుంటే, జూన్ 25 నుంచి జూలై 10 వరకు గడిచిన రోజులు మన ఖాతాలోనే పడతాయి. చార్జీలు అడిగిన తర్వాత కట్టడంలో చేసిన ఆలస్యమూ అంతే. చాలామంది ‘అందజేసిన తేదీ’ దాకా లెక్కేసుకుని పదిహేను రోజులు ఎక్కువ ఉన్నాయనుకుంటారు. 2021లో బోర్సే బ్రదర్స్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి అప్పీళ్లలో ఆలస్యం మాఫీ అసాధారణ పరిస్థితుల్లో, కొద్దిపాటి జాప్యానికే అని చెప్పాక ఈ పొరపాటుకు మందు దొరకడం కష్టం.

ఆర్బిట్రేషన్ అవార్డును (ఆర్బిట్రేటర్ ఇచ్చిన నిర్ణయాన్ని) సవాలు చేసే, ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 పిటిషన్‌లో సర్టిఫైడ్ కాపీ ప్రసక్తే లేదు. సంతకం చేసిన అవార్డు పార్టీకి అందిన నాటి నుంచి మూడు నెలలు, తగిన కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు, ఆ పైన ఒక్క రోజు కూడా లేదు. మూడు నెలలంటే 90 రోజులు కాదు, క్యాలెండర్ నెలలే. అవార్డు ఏప్రిల్ 19న అందితే మూడు నెలలు జూలై 19తో ముగుస్తాయి, అదనపు 30 రోజులు ఆగస్టు 18తో. మూడు నెలల గడువు సెలవు రోజున ముగిస్తే మరుసటి పనిదినానికి వేయొచ్చు కానీ, ఆ అదనపు 30 రోజులకు ఈ వెసులుబాటు వర్తించదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్ వేసేదాకా ఈ కేసు యాప్‌లోనే ఉండదు కాబట్టి హెచ్చరించేవాళ్లూ ఉండరు. అవార్డు వచ్చిన కవరు, దాని మీది తపాలా ముద్ర భద్రంగా దాచాలి. మెయిల్లో వచ్చిందా, ఎవరి సంతకంతో వచ్చిందా అన్నదీ రాసి పెట్టాలి.

ఈ-ఫైలింగ్ 3.0: దాఖలు సులువు, తిరిగి రావడమూ సులువు

నమోదుకు బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబర్, మొబైల్, మెయిల్ కావాలి. ఆపై కోర్టు, కేసు రకం ఎంచుకుని, పార్టీల వివరాలు ఎక్కించి, ప్లీడింగ్సూ డాక్యుమెంట్లూ పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేసి, ఆధార్ ఆధారిత ఈ-సైన్‌తో గానీ డిజిటల్ సిగ్నేచర్‌తో గానీ సంతకం పెట్టి, కోర్టు ఫీజు కట్టి సమర్పిస్తే ఈ-ఫైలింగ్ నంబర్ వస్తుంది. అది కేసు నంబర్ కాదు. రిజిస్ట్రీ పరిశీలన అయ్యాకే అసలు నంబర్, సీఎన్‌ఆర్ పడతాయి. కాగితం కాపీలు కూడా ఇవ్వాలా వద్దా అన్నది ఆయా కోర్టు నోటిఫికేషన్‌ను బట్టి ఉంటుంది, వేసేముందు సెక్షన్‌లో అడిగి తెలుసుకోవాలి.

రిటర్న్‌లు ఎక్కువగా వచ్చేది చట్టం తెలియక కాదు, స్కానింగ్ సరిగ్గా లేక. ఫోన్లో తీసిన ఫొటోలను పీడీఎఫ్ చేస్తే అక్షరాలు మసకబారతాయి, వెతకడానికి వీలుండదు. 300 డీపీఐలో స్కాన్ చేసి, ఓసీఆర్ (అక్షరాలను వెతకగలిగేలా మార్చడం) చేయించి, ఇండెక్సులోని పేజీ నంబర్లూ పీడీఎఫ్‌లోని పేజీలూ ఒక్కటేనా చూసుకోవాలి. అడ్డంగా ఉన్న ప్లానులను తిప్పి పెట్టాలి. తెలుగులో ఉన్న పంచాయతీ తీర్మానమో తహసీల్దారు ప్రొసీడింగో హైకోర్టుకు వేస్తే ఇంగ్లిషు అనువాదం జతచేయాలి. రిట్‌లో సవాలు చేస్తున్న ఉత్తర్వు కాపీ మొత్తం బండిల్‌లో ముఖ్యమైన కాగితం, అదే మసకగా ఉంటే మొదటి రోజే వాదన కుంటుపడుతుంది. ప్రభుత్వ ఉత్తర్వు నిలబడేదీ కూలేదీ అందులో రాసిన కారణాలతోనే, తర్వాత కౌంటర్‌లో కొత్త కారణాలు చేర్చడానికి వీల్లేదని 1978 నాటి మొహిందర్ సింగ్ గిల్ తీర్పు. అంటే ఆ ఉత్తర్వులో ప్రతి వాక్యమూ జడ్జిగారికి స్పష్టంగా కనబడాలి.

కమర్షియల్ దావాకు మామూలు దావా కంటే ఎక్కువ కాగితాలు కావాలి. ప్లెయింటుకు (దావా పత్రానికి) స్టేట్‌మెంట్ ఆఫ్ ట్రూత్ (అందులోని విషయాలు నిజమని ఇచ్చే ప్రకటన) తప్పనిసరి. వాది చేతిలో, అధీనంలో ఉన్న, దావాకు సంబంధించిన డాక్యుమెంట్లన్నీ, తనకు వ్యతిరేకమైనవి కూడా, జాబితాతో మొదటే పెట్టాలి. ‘ట్రయల్లో పెడదాంలే’ అన్న పాత అలవాటు ఇక్కడ చెల్లదు. వాట్సాప్ సంభాషణలు, ఈమెయిళ్లు, టాలీ లెడ్జర్ ఉంటే భారతీయ సాక్ష్య అధినియమం 2023లోని సెక్షన్ 63(4) సర్టిఫికెట్ కావాలి. షెడ్యూల్‌లో దానికి రెండు భాగాలున్నాయి: భాగం ఎ పార్టీ ఇచ్చేది, భాగం బి నిపుణుడు ఇచ్చేది, రెండింట్లోనూ హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) రాయాలి. 2024 జూలై 1కి ముందు వాడిన, పాత సాక్ష్య చట్టపు 65బి నమూనానే ఇప్పటికీ ప్రింటు తీసి సంతకం పెట్టించే ఆఫీసులున్నాయి. ఆ ఫైలు కంప్యూటర్ నుంచి తీసేయడం మంచిది. ఈ సర్టిఫికెట్ ఉందో లేదో ఈ-ఫైలింగ్ మనల్ని అడగదు. అప్‌లోడ్ అయింది కదా అని సంతోషిస్తే అభ్యంతరం సాక్ష్యం దశలో ఎదురవుతుంది.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది కమర్షియల్ కోర్ట్స్ చట్టం సెక్షన్ 12ఎ. తక్షణ మధ్యంతర ఉపశమనం కోరని కమర్షియల్ దావాకు ముందస్తు మధ్యవర్తిత్వం తప్పనిసరి. పాటిల్ ఆటోమేషన్ తీర్పు ప్రకారం 2022 ఆగస్టు 20 తర్వాత అది లేకుండా వేసిన దావా తిరస్కరణకు గురవుతుంది. ఉదాహరణకు సరుకు తీసుకుని 18 లక్షల రూపాయల ఇన్వాయిసులు కట్టని కొనుగోలుదారు మీద దావా అనుకుందాం. కమర్షియల్ వివాదానికి కనీస విలువ 2018 సవరణతో కోటి నుంచి 3 లక్షలకు దిగింది కాబట్టి ఇది దాని కిందికే వస్తుంది. ఫారం-1ను 1,000 రూపాయల ఫీజుతో లీగల్ సర్వీసెస్ అథారిటీకి ఇవ్వాలి. వాళ్లు ఫారం-2 నోటీసు పంపుతారు, అది జారీ అయిన 10 రోజుల్లో అవతలివారు స్పందించాలి. స్పందించకపోతే మరో నోటీసు, అయినా రాకపోతే ఫారం-3 నాన్‌స్టార్టర్ రిపోర్టు. అది ప్లెయింటుకు జతచేయాలి. కూర్చుని మాట్లాడుకుంటే మూడు నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే మరో రెండు నెలలు. మధ్యవర్తిత్వంలో గడిచిన కాలం లిమిటేషన్ లెక్కలోకి రాదు. ఈ దశ మొత్తం ఈ-ఫైలింగ్‌లోనూ లేదు, యాప్‌లోనూ లేదు. నోటీసు ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు అందింది అన్నది అథారిటీ ఆఫీసుకు ఫోన్ చేసి తెలుసుకుంటూ ఉండాల్సిందే. మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే పెద్ద లోటు ఇదే, ముందు సరిదిద్దాల్సిందీ ఇదే. దాన్ని తప్పించుకోవడానికి ఊరికే ఒక ఇంజంక్షన్ ఐఏ (మధ్యంతర దరఖాస్తు) తగిలిస్తే కోర్టు ఒప్పుకోదు. 2023 యామిని మనోహర్ తీర్పు ప్రకారం ఆ తక్షణావసరం ప్లెయింటులో, డాక్యుమెంట్లలో నిజంగా కనబడుతోందా అని కోర్టు చూస్తుంది.

తీర్పులు వెతకడం

2023 జనవరి 2న మొదలైన ఈ-ఎస్‌సీఆర్‌తో సుప్రీంకోర్టు రిపోర్టులు 1950 నుంచీ ఉచితంగా చదువుకునే వీలు కలిగింది. దానికి తోడు ఈ-కోర్ట్స్ తీర్పుల పోర్టల్‌లో హైకోర్టుల తీర్పులూ ఉన్నాయి. పదబంధం యథాతథంగా కావాలా, అన్ని పదాలూ ఉండాలా, ఏదో ఒకటి చాలా అన్నది ఎంచుకుని, న్యాయమూర్తి, తేదీ, చట్టం, సెక్షన్‌ల వారీగా వడపోయొచ్చు. టెండర్ రిట్ రాస్తుంటే ‘ఆర్బిట్రరీ’ అని కొడితే వేలల్లో వస్తాయి. టెండర్ డాక్యుమెంటులో మన బిడ్‌ను తిరస్కరించిన క్లాజులోని మాటలనే యథాతథ పదబంధంగా కొట్టి, చివరి అయిదేళ్లకు కుదిస్తే పనికొచ్చేవి పదో పదిహేనో మిగులుతాయి. టాటా సెల్యులార్ 1994, జగదీశ్ మండల్ 2007 ఎలాగూ అందరికీ తెలిసినవే. అవతలివారూ అవే చదువుతారు. అదే తరహా క్లాజు మీద మన హైకోర్టు ఏం చెప్పిందన్నది దొరికితే వాదనకు బలం.

ప్రత్యామ్నాయ మార్గం ఉండగా రిట్ ఎందుకన్న ప్రశ్న మొదటి రోజే వస్తుంది. ప్రాథమిక హక్కు, సహజ న్యాయం, అధికార పరిధి, చట్టం చెల్లుబాటు అన్న వర్ల్‌పూల్ 1998 మినహాయింపుల్లో మన కేసు దేని కిందికి వస్తుందో అఫిడవిట్‌లోనే ఒక పేరా ఉండాలి. ఆ పేరాకు సరిపోయే తాజా తీర్పు వెతకడానికి ఈ పోర్టల్ బాగా పనికొస్తుంది.

అయితే దొరికిన తీర్పు ఇప్పటికీ చెల్లుతోందా అన్నది పోర్టల్ చెప్పదు. 12ఎ తప్పనిసరి కాదన్న 2022కు ముందటి హైకోర్టు తీర్పులు కూడా వెతికితే చక్కగా వస్తాయి, వాటి మీద ఏ హెచ్చరికా ఉండదు. పాత తీర్పు ఎత్తుకునే ముందు దాని పేరునే పదబంధంగా కొట్టి తర్వాతి తీర్పుల్లో ఏమన్నారో చూడాలి. అయినా ఏదో ఒకటి తప్పిపోతుంది. ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర లాంటి వాటికి చందా కట్టేది ఈ ఒక్క పని కోసమే. సీనియర్ ఆఫీసులోనో బార్ లైబ్రరీలోనో అవి ఉంటే మొదటి రెండేళ్లు సొంతంగా కొనక్కర్లేదు. ఉచిత పోర్టల్‌లో వెతికి, కోర్టులో చదివే ఆ నాలుగైదు తీర్పులను మాత్రం అక్కడ సరిచూసుకుంటే సరిపోతుంది. ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన సైటేషన్ అయితే తీర్పు మొత్తం పోర్టల్‌లో తెరిచి చదవనిదే అఫిడవిట్‌లోకి రానీయకూడదు. ‘ఐఎన్‌ఎస్‌సీ’తో ఉండే న్యూట్రల్ సైటేషన్ (సుప్రీంకోర్టే తన తీర్పుకు ఇచ్చే సంఖ్య) ఉంటే నిమిషంలో తేలిపోతుంది.

తెలుగులోకి అనువదించిన సుప్రీంకోర్టు తీర్పులూ దొరుకుతున్నాయి. క్లయింటుకు విషయం అర్థమయ్యేలా చెప్పడానికి చాలా మంచివి. కోర్టు ముందు పెట్టాల్సింది మాత్రం ఇంగ్లిషు ప్రతే.

ఇండియా కోడ్

కేంద్ర, రాష్ట్ర చట్టాలు సవరణలతో సహా ఒకేచోట ఉంటాయి. ఒక ఉచ్చు మాత్రం గుర్తుంచుకోవాలి. కమర్షియల్ దావాలకు వర్తించే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) మార్పులు కమర్షియల్ కోర్ట్స్ చట్టం చివరనున్న షెడ్యూల్‌లో ఉన్నాయి. సీపీసీ ఒక్కటే తెరిచి ఆర్డర్ 8 రూల్ 1 చదివితే 90 రోజులన్న మాట కనబడుతుంది, ఆర్డర్ 11 చదివితే పాత ఇంటరాగేటరీలే (అవతలి పక్షానికి వేసే రాతపూర్వక ప్రశ్నలే) కనబడతాయి. షెడ్యూల్ ప్రింటు తీసి బల్ల మీద ఉంచుకోవడం మేలు. తెలంగాణలో ఉమ్మడి రాష్ట్రపు చట్టాల పేర్లు 2016 నాటి అడాప్టేషన్ ఉత్తర్వుతో మారాయి కాబట్టి, పాత తీర్పులో ‘ఏపీ చట్టం’ అని ఉన్నదాన్ని ఇప్పటి పేరుతో వెతకాలి. జీవోలకు, సర్క్యులర్లకు మాత్రం దీన్ని నమ్ముకోలేం. రిట్‌కు మూలం చాలాసార్లు జీవోనే కాబట్టి, అది శాఖ నుంచి నేరుగానో, సమాచార హక్కు దరఖాస్తుతోనో తెచ్చుకోవాలి. దానికి 30 రోజులు పట్టొచ్చు, క్లయింటు వచ్చిన రోజే దరఖాస్తు పెట్టేయాలి.

యాప్‌కు బయట ఉన్నవి

ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ లా ట్రిబ్యునల్) హైదరాబాద్, అమరావతి బెంచీలు, డీఆర్‌టీ (బ్యాంకు బకాయిల ట్రిబ్యునల్), రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ), వినియోగదారుల కమిషన్లు ఈ యాప్‌లోకి రావు. ఎవరి సైటు వారిది, ఎవరి కాజ్‌లిస్టు వారిది. కమర్షియల్ ప్రాక్టీసులో సగం పని అక్కడే ఉంటుంది కాబట్టి డైరీలో వాటికి విడిగా పేజీ కావాలి. ముఖ్యంగా దివాలా కేసుల్లో ఎన్‌సీఎల్‌టీ ఉత్తర్వు మీద అప్పీలుకు 30 రోజులు, కారణముంటే ఇంకో 15 మాత్రమే. 2021లో వి.నాగరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఆ గడువు ఉత్తర్వు చెప్పిన రోజు నుంచే నడుస్తుందనీ, ఉచిత కాపీ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోకుండా సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాలనీ తేల్చింది. ఉత్తర్వు చదివిన మధ్యాహ్నమే, ఓడామో గెలిచామో పూర్తిగా అర్థంకాకముందే, జూనియర్ కాపీ దరఖాస్తు ఇచ్చేసి రసీదు ఫైల్లో పెట్టాలి.